బీ6 ఎలుక మలేరియా నుంచి కోలుకుంటుంది, ఏ/జే చనిపోతుంది: దీని వెనక ఉన్నది ఒక్క జన్యువేనా?

ముందు ప్రశ్నను కుదించి చెప్పుకుందాం. సీ57బీఎల్/6 (బీ6), ఏ/జే అనేవి ల్యాబ్‌లో తరతరాలుగా ఒకే జన్యువులతో పెంచిన ఎలుక వంశాలు, అంటే స్ట్రెయిన్‌లు. చబౌడి, బెర్గై ఎలుకలకు మలేరియా తెచ్చే పారసైట్‌లు, ఏఎస్, ఆంకా వాటిలో రకాలు. రెండు స్ట్రెయిన్‌లను కలిపితే పుట్టేవి ఎఫ్1, ఎఫ్1లను తమలో తాము కలిపితే ఎఫ్2. హైదరాబాద్‌లో పీహెచ్‌డీ రెండో ఏడాదిలో ఉన్నవారు అడిగారు: "ప్లాస్మోడియం చబౌడి ఏఎస్ ఎక్కిస్తే సీ57బీఎల్/6 ఎలుకలు కోలుకుంటాయి, ఏ/జే చనిపోతాయి అని చదివాం. మా దగ్గర పది బీ6 మగ ఎలుకల్లో నాలుగు చనిపోయాయి. అదే బీ6కి బెర్గై ఆంకా ఎక్కిస్తే పదీ పోయాయి. ఇంతకీ బీ6కి నిరోధకత ఉన్నట్టా, లేనట్టా? ఉంటే అది ఒక్క జన్యువు పనేనా? ఎఫ్2 క్రాస్ మొదలుపెట్టి దాన్ని పట్టుకోవచ్చా?"

సూటిగా చెప్తాను. ఒక్క జన్యువు కాదు. చబౌడి విషయంలోనే కనీసం పది లోకస్‌లకు, అంటే క్రోమోజోమ్‌ల మీద ఆ గుణంతో ముడిపడిన చోట్లకు, పేర్లు పెట్టారు. ఆంకాతో వచ్చే మెదడు మలేరియాకి బాధ్యత వహించేవి దాదాపు పూర్తిగా వేరే లోకస్‌లు. "ఫలానా స్ట్రెయిన్‌కి నిరోధకత ఉంది" అని విడిగా అనకూడదు. ఏ పారసైట్ క్లోన్‌కి, ఏ కొలతలో అన్నది కలిపి చెప్పాలి. మీ నాలుగు మరణాలకు కారణం జన్యువుల్లో కన్నా డోసులోనో, పాసేజ్‌లోనో (పారసైట్‌ను ఎలుక నుంచి ఎలుకకు మార్చిన తీరులోనో), మేతలోనో దొరికే అవకాశమే ఎక్కువ. అది తేలకుండా ఎఫ్2 మొదలుపెట్టకండి. కొండను తవ్వి ఎలుకను పట్టడం అన్న సామెత ఈ రంగంలో అక్షరాలా నిజమవుతుంది, అదీ రెండు మూడేళ్లు తవ్వాక.

ఇప్పుడు కారణాలు.

చబౌడి కథ

చబౌడి ఏఎస్‌తో సోకిన బీ6లో పారసైటీమియా (పారసైట్ ఉన్న ఎర్ర కణాల శాతం) ఏడు నుంచి తొమ్మిదో రోజు మధ్య శిఖరానికి చేరుతుంది, సుమారు 30–40 శాతం. ఆ తర్వాత జారిపోతుంది. మూడు వారాలకల్లా స్మియర్‌లో, అంటే స్లైడ్ మీద పూసిన రక్తపు చుక్కలో, వెతుక్కోవాలి. నెల దగ్గర్లో చిన్న తిరగబెట్టు కనిపించవచ్చు, కంగారు పడక్కర్లేదు. ఏ/జేలో శిఖరం ఇంకా పైకి వెళ్తుంది. ముఖ్యంగా మగవి పది పన్నెండు రోజుల్లోపే తీవ్ర రక్తహీనతతో పోతాయి.

1982లో మాంట్రియల్‌లోని మెక్‌గిల్ బృందం ఈ రెండు స్ట్రెయిన్‌లను క్రాస్ చేసింది. ఎఫ్1 పిల్లలు బీ6 లాగే తట్టుకున్నాయి. అంటే నిరోధకత డామినెంట్. బ్యాక్‌క్రాస్ (ఎఫ్1ని తిరిగి తల్లిదండ్రుల స్ట్రెయిన్‌తో కలపడం) నిష్పత్తులు చూసి, ఎంహెచ్‌సీ అనే రోగనిరోధక జన్యువుల ప్రాంతంతో సంబంధం లేని ఒక జన్యువు గానీ జన్యువుల గుత్తి గానీ దీన్ని నడిపిస్తోందని రాశారు. మీరు చదివిన "ఒక్క జన్యువు" మాట అక్కడి నుంచి వచ్చిందే. చావు బతుకులను మాత్రమే లెక్కేస్తే ఫలితం అవును–కాదు లాగా కనిపిస్తుంది, దాన్ని ఒక్క జన్యువుతో వివరించాలనిపిస్తుంది. పారసైటీమియా, బతికిన రోజులు విడివిడిగా కొలిచి జీనోమ్ మొత్తం మార్కర్లు (ఏ ముక్క ఏ స్ట్రెయిన్‌దో చెప్పే డీఎన్ఏ గుర్తులు) వేశాక బొమ్మ మారింది.

చబౌడి నిరోధకత లోకస్‌లకు చార్ అని పేరు. 1997లో 9వ క్రోమోజోమ్ మీద చార్1, 8వ క్రోమోజోమ్ మీద చార్2 దొరికాయి. చార్2 రెండు వేర్వేరు బృందాల క్రాస్‌లలోనూ బయటపడింది, అందుకే దాన్ని గట్టిగా నమ్ముతాం. 1999లో 17వ క్రోమోజోమ్ మీద, హెచ్2 (ఎలుక ఎంహెచ్‌సీ) ప్రాంతంలో చార్3 వచ్చింది. ఇందులో గమనించాల్సినది ఏమిటంటే, చార్3 ప్రభావం శిఖరం దాటి పారసైట్‌లు తగ్గుతున్న కొద్ది రోజుల్లోనే కనిపిస్తుంది. శిఖరం విలువ ఒక్కటే రాసుకుని ఎలుకను తీసేసిన ల్యాబ్‌కి చార్3 ఎప్పటికీ దొరకదు. రోజువారీ స్మియర్‌లు విసుగే, కానీ జన్యువు దాక్కునేది ఆ విసుగులోనే.

చార్1, చార్2 చాలా పెద్ద ముక్కలు. వాటిలో అసలు జన్యువు ఏదన్నది తేల్చడం కష్టమైంది. జన్యువు దాకా వెళ్లినవి చార్4, చార్9. ఈ రెండింటి గురించి కాస్త వివరంగా చెప్పాలి, ఎందుకంటే మీరు చేయబోయే తప్పులన్నీ వీటిలో ముందే కనిపిస్తాయి.

చార్4: వెతికింది ఒకటి, దొరికింది మరొకటి

ఏ/జే, బీ6 నుంచి తయారుచేసిన రీకాంబినెంట్ కాంజెనిక్ స్ట్రెయిన్‌లు, అంటే ఒకదాని జీనోమ్‌లో రెండోదాని ముక్కలు కలిపి స్థిరపరిచినవి, ఉన్నాయి. ఏసీబీ అన్న గుంపులో ప్రతి స్ట్రెయిన్‌లో సుమారు 87.5 శాతం ఏ/జే, 12.5 శాతం బీ6 ఉంటుంది. ఏసీబీ55, ఏసీబీ61 అనే రెండు స్ట్రెయిన్‌లు, చార్2 దగ్గర ఏ/జే అలీల్ (జన్యువు రూపం) మోస్తూ కూడా, చబౌడిని చక్కగా తట్టుకున్నాయి. 2001లో ఆ గుణాన్ని 3వ క్రోమోజోమ్ మీదికి మ్యాప్ చేసి చార్4 అన్నారు. ఎవరైనా ఏమనుకుంటారు? ఆ 12.5 శాతంలో వచ్చిన బీ6 అలీల్ కాపాడుతోందనే కదా.

2003లో సీక్వెన్స్ చూస్తే అది బీ6ది కాదు, ఏ/జేది కూడా కాదు. స్ట్రెయిన్‌లను పెంచుతున్న క్రమంలో దానంతట అదే పుట్టిన కొత్త మ్యుటేషన్. పీకేఎల్ఆర్ జన్యువులో 269వ స్థానంలో టీ బదులు ఏ వచ్చింది, దాంతో ప్రోటీన్‌లో 90వ అమైనో ఆమ్లం ఐసోల్యూసిన్ నుంచి యాస్పరజిన్ అయింది. ఎర్ర రక్తకణంలో మైటోకాండ్రియా ఉండవు, శక్తికి గ్లైకాలిసిస్ ఒక్కటే దిక్కు. దాని చివరి మెట్టు మీద ఉండే ఎంజైమే పైరువేట్ కైనేజ్. అది చెడితే ఏటీపీ తగ్గుతుంది, కణం ఆయుష్షు తగ్గుతుంది, ప్లీహం ఉబ్బుతుంది, రక్తంలో రెటిక్యులోసైట్‌లు (అప్పుడే పుట్టిన లేత ఎర్ర కణాలు) ఎప్పుడూ ఎక్కువగా ఉంటాయి. త్వరగా మారిపోయే కణాల్లో పారసైట్‌కి కుదురుగా కాపురం ఉండదు.

2008లో మనుషుల రక్తంతో చేసిన పరీక్షల్లో కూడా ఇదే దారి కనిపించింది. పైరువేట్ కైనేజ్ లోపం రెండు అలీళ్లలోనూ ఉన్నవారి కణాల్లోకి ఫాల్సిపారం అనే మనుషుల మలేరియా పారసైట్ తక్కువగా దూరింది. లోపం ఉన్న కణాల్లో రింగ్ దశ పారసైట్ ఉంటే మాక్రోఫేజ్‌లు (మింగేసే రోగనిరోధక కణాలు) వాటిని ఎక్కువగా మింగాయి.

ఇందులోంచి మీ పనికి రెండు విషయాలు. ఒకటి, మ్యాప్ అయిన ముక్కను తల్లిదండ్రుల స్ట్రెయిన్‌లు రెండింటితో పాటు మీరు వాడుతున్న కాలనీలో కూడా సీక్వెన్స్ చేయండి. డేటాబేస్‌లోని ఏ/జే, మీ బోనులోని ఏ/జే ఒకటే అనుకోవద్దు. రెండు, రెటిక్యులోసైట్ శాతాన్ని సోకించక ముందే కొలవండి. చబౌడి ముదురు ఎర్ర కణాలను ఇష్టపడుతుంది, బెర్గై, యోయెలీ 17ఎక్స్ఎన్ఎల్ రెటిక్యులోసైట్‌లను ఇష్టపడతాయి. రక్తకణాల వయసు మార్చే మ్యుటేషన్ ఒక పారసైట్‌కి అడ్డుగోడ, ఇంకోదానికి స్వాగత తోరణం కావచ్చు. కాబట్టి చబౌడితో దొరికిన లోకస్‌ను బెర్గైతో "ధృవీకరించడం" అనేది ధృవీకరణ కాదు, కొత్త ప్రయోగం.

చార్9: జన్యువు నుంచి మందు దాకా

2007లో 10వ క్రోమోజోమ్ మీది చార్9ని వీఎన్ఎన్1, వీఎన్ఎన్3 జన్యువుల దాకా తీసుకెళ్లారు. ఇవి తయారుచేసే పాంటెథీనేజ్ అనే ఎంజైమ్ పాంటెథీన్‌ను రెండు ముక్కలు చేస్తుంది: ఒకటి పాంటోథెనిక్ ఆమ్లం, అంటే విటమిన్ బీ5, రెండోది సిస్టియమీన్. ఏ/జేలో ఈ జన్యువులు పలకవు, ఎంజైమ్ ఉండదు. బయటి నుంచి సిస్టియమీన్ ఇస్తే ఎలుకల్లో పారసైటీమియా తగ్గింది. ఆర్టెమిసినిన్‌తో కలిపి ఇస్తే దాని పనితనం పెరిగింది. సిస్టినోసిస్ అనే జబ్బుకు సిస్టియమీన్‌ను ఎప్పటి నుంచో మందుగా వాడుతున్నారు. నా దృష్టిలో లోకస్ తేలిందనడానికి మంచి రుజువు ఇలాంటిదే: లేనిదాన్ని తిరిగి ఇస్తే గుణం మారాలి. జన్యువు లోపల మార్పు కనిపించింది అన్నంత మాత్రాన సరిపోదు.

మరి ఆంకా దగ్గర బీ6 ఎందుకు ఓడింది?

అది వేరే జబ్బు కనుక. బెర్గై ఆంకా పది లక్షల కణాలు ఎక్కిస్తే బీ6 ఆరు నుంచి పదో రోజు మధ్య నరాల లక్షణాలతో పోతుంది: ఒళ్లు తూలడం, కాళ్లు పడిపోవడం, మూర్ఛ, కోమా. అప్పటికి పారసైటీమియా 5–20 శాతమే ఉంటుంది. రక్తహీనతతో పోవడానికి అది చాలదు. చంపుతున్నది ఎలుక సొంత సీడీ8 టీ కణాలు, అంటే సోకిన కణాలను చంపే రోగనిరోధక కణాలు. వాటిని ముందే తొలగించినా, పెర్ఫోరిన్ (అవి చంపడానికి వాడే ప్రోటీన్) లేకపోయినా బీ6కి మెదడు మలేరియా రాదు. బాల్బ్/సీ అనే ఇంకో స్ట్రెయిన్ ఆ దశను దాటుతుంది, కానీ మూడో వారంలో పారసైట్‌లు విపరీతంగా పెరిగి రక్తహీనతతో చనిపోతుంది. దాన్ని "నిరోధకం" అనడం సగం నిజమే. మెదడు మలేరియాకి నిరోధకం అనాలి.

చబౌడిని ఊడ్చేయడానికి బీ6 తొందరగా పైకి లేపే ఐఎల్-12, ఇంటర్‌ఫెరాన్ గామా అనే రోగనిరోధక సంకేతాల స్పందనే ఆంకా దగ్గర తన మీదికే తిరుగుతుంది. కొంచెం మొరటుగా చెప్పిన మాటే గానీ, మీ "నిరోధకత ఉన్నట్టా, లేనట్టా" ప్రశ్నకు జవాబు ఇక్కడే ఉంది.

ఇక్కడి లోకస్‌లకు బెర్ అనే పేర్లు. బెర్1 1వ క్రోమోజోమ్ మీద, బెర్2 11వ దాని మీద. వీటిని 2002లో అడవి ఎలుకల నుంచి తెచ్చిన డబ్ల్యూఎల్ఏ స్ట్రెయిన్‌ను బీ6తో కలిపి పట్టారు. తర్వాత 9, 4వ క్రోమోజోమ్‌ల మీద బెర్3, బెర్4 వచ్చాయి. క్రాస్‌లు కాకుండా ఈఎన్‌యూ అనే రసాయనంతో మ్యుటేషన్‌లు పుట్టించి, ఆంకా సోకినా బతికిన కుటుంబాలను ఏరే పద్ధతి ఇంకా వేగంగా ఫలించింది. జాక్3లో, సీసీడీసీ88బీలో మార్పులు అలా దొరికినవే. ఆస్ట్రేలియాలో చబౌడి మీద చేసిన ఇలాంటి వడపోతలో ఎర్ర కణం అస్థిపంజరానికి చెందిన యాంకిరిన్-1 మ్యుటేషన్ బయటపడింది. టీ కణం జన్యువులు ఒకవైపు, ఎర్ర కణం జన్యువులు ఇంకోవైపు వచ్చాయంటే ఆశ్చర్యం లేదు. మీరు పెట్టే జల్లెడ కన్ను ఎంతదో, దొరికే గింజ అంతదే.

ఇంకొకటి, పారసైట్‌ను తగ్గించకుండానే ఎలుకను కాపాడే దారి. బాల్బ్/సీలో హీమ్ ఆక్సిజనేజ్-1 బాగా పెరుగుతుంది, అది విడుదలయ్యే హీమ్‌ను విరగ్గొట్టి కార్బన్ మోనాక్సైడ్ వదులుతుంది, మెదడు రక్తనాళాలు దెబ్బతినవు. ఇది 2007లో తేలింది. 2011లో మనిషి సికిల్ హీమోగ్లోబిన్ పెట్టిన ఎలుకల్లో కూడా ఇదే ఎంజైమ్ వల్ల రక్షణ దొరుకుతోందని చూపించారు. పారసైట్ లెక్క పెద్దగా తగ్గలేదు. మన ఆదిలాబాద్ గిరిజన గూడేల్లో సికిల్ జన్యువు ఎందుకు నిలిచింది అన్న ప్రశ్నకు ఇది ఒక ముక్క. దీన్ని టాలరెన్స్ అంటారు. పారసైటీమియా మాత్రమే కొలిచేవారికి ఇది కనపడదు.

ఇక మీ నాలుగు ఎలుకలు

ఏ వరసలో చూడాలో చెప్తాను. ఖర్చు లేనివి ముందు.

మగవి కదా మీరు వాడింది. చబౌడికి మగ ఎలుకలు ఆడవాటికన్నా బలహీనం. టెస్టోస్టిరాన్ ఇస్తే తట్టుకునే ఆడ ఎలుకలు కూడా పడిపోతాయి. పుస్తకంలో అంకె ఆడ ఎలుకలదా, మగవాటిదా చూడండి.

డోసు ఎలా లెక్కేశారు? ఎలుక రక్తం ఒక మైక్రోలీటర్‌లో సుమారు 90 లక్షల ఎర్ర కణాలు. డోనర్ పారసైటీమియా 10 శాతం అయితే మైక్రోలీటర్‌కి 9 లక్షల సోకిన కణాలు. 200 మైక్రోలీటర్లలో పది లక్షలు కావాలంటే మైక్రోలీటర్‌కి 5 వేలు ఉండాలి, అంటే 180 రెట్లు పలచన చేయాలి. ముందు 10 మైక్రోలీటర్ల రక్తం, 90 పీబీఎస్ (ఉప్పు బఫర్). ఆ పలచనలోంచి 55 తీసి 945 పీబీఎస్‌లో. తప్పు ఎక్కడ జరుగుతుందంటే, డోనర్ ఎలుకకి అప్పటికే రక్తహీనత వచ్చి ఉంటుంది. 90 లక్షలు అనుకున్నచోట 40 లక్షలే ఉంటే డోసు సగానికి పైగా పడిపోతుంది. కాబట్టి హీమోసైటోమీటర్‌తో లెక్కించండి, డోనర్‌ను శిఖరానికి ముందే, 5–15 శాతం మధ్య వాడండి. రక్తాన్ని హెపారిన్‌లో తీసి, ఐస్ మీద ఉంచి, అరగంటలో ఎక్కించేయండి. పది ఎలుకలకు ఎక్కిస్తున్నంతసేపూ ట్యూబ్ తిప్పుతూ ఉండాలి. కణాలు అడుగుకి దిగితే మొదటి ఎలుకకి, పదో ఎలుకకి డోసు ఒకటి కాదు.

పాసేజ్ ఎన్నోది? దోమ లేకుండా రక్తం నుంచి రక్తానికి మార్చుకుంటూ పోతే చబౌడి ముదురుతుంది. దోమ గుండా వెళ్తే తీవ్రత తగ్గుతుందని 2013లో స్పష్టంగా చూపించారు. ఫ్రీజర్‌లోంచి తీసిన స్టాక్‌ను డోనర్‌లో ఒక్కసారి పెంచి వాడండి. "మా ల్యాబ్‌లో ఎప్పటి నుంచో నడుస్తున్న లైన్" అంటే ఎన్నో పాసేజో ఎవరికీ తెలియదని అర్థం. బేగంపేటలో రాస్ 1897లో దోమ కడుపులో చూసినదాన్ని మనం ల్యాబ్ సౌకర్యం కోసం పక్కన పెడుతున్నాం, దాని మూల్యం ఇది. క్లోన్ పేరు కూడా సరిచూడండి. ఏజే క్లోన్ ఏఎస్ కన్నా తీవ్రం, ఏ/జే ఎలుక పేరుతో దాన్ని కలగలిపి రాసిన ట్యూబ్ లేబుళ్లు ఉంటాయి.

మేత. పారసైట్‌కి పాబా అనే పారా అమైనో బెంజాయిక్ ఆమ్లం కావాలి. పాల మీదే పెంచిన ఎలుకల్లో బెర్గై పెరగదని 1952లోనే తెలుసు, కారణం పాలలో పాబా లేకపోవడమే. మేత లాట్ మారితే, ఎక్కువసేపు ఆటోక్లేవ్ చేస్తే, శుద్ధి చేసిన డైట్‌కి మారితే పారసైటీమియా మారిపోతుంది. చాలా ల్యాబ్‌లు తాగే నీళ్లలో 0.05 శాతం పాబా కలిపి ఈ గొడవ లేకుండా చేసుకుంటాయి. మీ మరణాలకి ఇది ఎదురు దిశలో ఉన్న కారణమే, అయినా ఒక బ్యాచ్‌లో అన్నీ బతికి ఇంకో బ్యాచ్‌లో నాలుగు పోతే ఇదీ చూడాల్సిందే.

పేగు సూక్ష్మజీవులు కూడా లెక్కలోకి వస్తాయి. ఒకే బీ6ని వేర్వేరు సరఫరాదారుల నుంచి తెచ్చి యోయెలీ ఎక్కిస్తే కొన్నిటిలో పారసైటీమియా తక్కువ, కొన్నిటిలో చాలా ఎక్కువ వచ్చింది. మల సూక్ష్మజీవులను మారిస్తే ఆ తేడా కూడా మారింది. ఇది 2016 నాటి ఫలితం. రెండు చోట్ల నుంచి తెచ్చిన స్ట్రెయిన్‌లను పోల్చే ముందు బోనుల్లోని పాత పొట్టును నాలుగు వారాలపాటు ఒకదానిలోంచి ఇంకోదానికి కలపండి, లేదా రెండిటినీ ఒకే గదిలో ఒక తరం పెంచండి.

సబ్‌స్ట్రెయిన్. బీ6జేలో ఎన్ఎన్‌టీ జన్యువు ముక్క పోయింది, బీ6ఎన్‌లో అది ఉంటుంది, కానీ కంటి జబ్బు తెచ్చే ఆర్‌డీ8 ఉంటుంది. నాకౌట్ (ఒక జన్యువు తీసేసిన ఎలుక) ఒకదాని మీద, కంట్రోల్ ఇంకోదాని మీద ఉంటే ఆ ప్రయోగానికి విలువ లేదు.

కాలనీ కల్తీ. ఏ/జే తెల్లది, బీ6 నల్లది కాబట్టి కలిస్తే కనిపిస్తుందిలే అనుకుంటారు. ఈ రెండింటి ఎఫ్1 కూడా నల్లగానే పుడుతుంది, రెండూ నాన్ అగూటీ కనుక. బోను మారిన ఒక ఎఫ్1 బీ6 లాగే తిరుగుతుంది. చెవి ముక్కతో ఇరవై ముప్ఫై ఎస్ఎన్‌పీ (డీఎన్ఏలో ఒక్క అక్షరం తేడా) మార్కర్లు వేస్తే తేలిపోతుంది.

చివరిగా, పారసైట్ స్టాక్‌లో దాగి వచ్చే అతిథులు. లాక్టేట్ డీహైడ్రోజనేజ్ పెంచే వైరస్, ఒకప్పుడు ఎపెరిథ్రోజూన్ అన్న మైకోప్లాస్మా. ఇవి రక్తంతో పాటే పాసేజ్ అవుతాయి, ఎలుక స్పందనను మార్చేస్తాయి. ఆ వైరస్ ఉంటే ఆంకా సోకిన బీ6కి మెదడు మలేరియానే రాకపోవచ్చు, మీరేమో కొత్త నిరోధక జన్యువు దొరికిందని సంబరపడతారు. స్టాక్‌ను పీసీఆర్ చేయించండి.

హైదరాబాద్‌కి ప్రత్యేకమైనవి రెండు. ఏప్రిల్, మే నెలల్లో ఎలుకలను పగలు వ్యాన్‌లో తెప్పించకండి. వచ్చాక కనీసం వారం పది రోజులు కుదురుకోనివ్వండి. స్మియర్‌కి వేసే గీమ్సా రంగుకి బోరు నీళ్లు, కుళాయి నీళ్లు వాడకండి. ఇక్కడి నీటిలో లవణాలు ఎక్కువ, స్మియర్ అంతా నీలంగా మారి రింగ్‌లు కనపడవు. డిస్టిల్డ్ వాటర్‌లో పీహెచ్ 7.2 బఫర్ కలిపి వాడండి.

స్మియర్ ఎప్పుడు, ఎలా

చబౌడి 24 గంటల లయతో నడుస్తుంది, రాత్రి ముదిరిన దశలు లోపలి అవయవాల నాళాల్లో అతుక్కుని రక్తంలో కనపడవు. రోజూ ఒకే సమయంలో, ఉదయం తొమ్మిది పది మధ్య తోక నుంచి తీయండి. రాత్రిపూట ఎవరో లైటు వేసి వదిలేస్తే, జనరేటర్ మారినప్పుడు టైమర్ జరిగితే, లెక్క తప్పుతుంది. గదిలో డేటా లాగర్ పెట్టండి.

కనీసం వెయ్యి ఎర్ర కణాలు లెక్కించండి. ఒక శాతం పారసైటీమియా దగ్గర 500 కణాలు చూస్తే సగటున ఐదు దొరుకుతాయి, రెండు అటూ ఇటూ అయినా 40 శాతం తేడా. శిఖరం దగ్గర ఈ బాధ లేదు. సైబర్ గ్రీన్ అనే డీఎన్ఏ రంగుతో ఫ్లో సైటోమెట్రీ (యంత్రంతో కణాల లెక్కింపు) చేస్తే వేగమే, కానీ ఎలుక రక్తంలో హౌవెల్ జాలీ బాడీలు (ఎర్ర కణంలో మిగిలిపోయిన కేంద్రకం ముక్కలు) మామూలు. వాటి డీఎన్ఏ, రెటిక్యులోసైట్‌ల ఆర్ఎన్ఏ రెండూ పారసైట్‌గా లెక్కలోకి వస్తాయి. సోకని ఎలుకను ప్రతి రోజూ పక్కన పెట్టి గేట్, అంటే ఏది పారసైటో తేల్చే హద్దు, గీయాలి. పీకేఎల్ఆర్ లాంటి మ్యుటెంట్‌కి సోకని మ్యుటెంట్‌నే కంట్రోల్‌గా పెట్టాలి, మామూలు బీ6 కుదరదు.

ఆంకాకి చావును కొలతగా పెట్టుకోవద్దు. ఎథిక్స్ కమిటీ ఫారం బీలో ఎలాగూ అడుగుతుంది. 20 పాయింట్ల ఆర్ఎంసీబీఎస్ ప్రవర్తన స్కేలు వాడి, స్కోరు 5కి దిగగానే ముగించండి. ఐదో రోజు నుంచి రోజుకి రెండుసార్లు చూడాలి. మెదడు మలేరియానే అని నిర్ధారించడానికి ఎవాన్స్ బ్లూ 200 మైక్రోలీటర్లు తోక సిరలో ఎక్కించి, గంట తర్వాత మెదడు తీస్తే నీలంగా ఉండాలి. లేత రంగు మెదడుతో పోయిన ఎలుకను మెదడు మలేరియా ఖాతాలో వేయకండి.

ఎఫ్2 చేస్తే ఎన్ని ఎలుకలు

లెక్క తేలికే. ఒక లోకస్ గుణంలో 10 శాతం తేడాను వివరిస్తే 200 ఎఫ్2 ఎలుకలతో ఎల్ఓడీ (లోకస్ నిజమనడానికి ఎంత బలం ఉందో చెప్పే స్కోరు) సుమారు 4.6 వస్తుంది. 5 శాతమే వివరిస్తే అదే 200తో 2.2; ఫలితాన్ని నమ్మదగిన గీత దాటాలంటే 400 కావాలి. ఎఫ్2లో జీనోమ్ మొత్తానికి గీత 4.3, బ్యాక్‌క్రాస్‌లో 3.3. అయినా మీ డేటా మీద వెయ్యి పర్మ్యుటేషన్‌లు (డేటాను కలగలిపి మళ్లీ లెక్కించడం) వేసి మీ గీత మీరే గీసుకోండి. ఒకే లింగం వాడితే సగం పిల్లలు వృథా, రెండూ వాడితే లింగాన్ని మోడల్‌లో పెట్టాలి. చాలావరకు రెండోదే మేలు.

శిఖరం పారసైటీమియాలో ఒక మోసం ఉంది. శిఖరానికి ముందే పోయిన ఎలుకకి శిఖరం తెలియదు. చివరి స్మియర్ విలువనే శిఖరం అని రాస్తే చనిపోయేవి "తక్కువ పారసైటీమియా" గుంపులో పడతాయి, లోకస్ తలకిందులవుతుంది. అందరూ బతికున్న చివరి రోజు విలువను లాగరిథంలో తీసుకోండి. బతికిన రోజులకి, బతికి బయటపడ్డాయా లేదా అన్నదానికి ఆర్/క్యూటీఎల్ అనే సాఫ్ట్‌వేర్‌లో రెండు భాగాల మోడల్ ఉంది, దాన్ని వాడండి.

లోకస్ దొరికాక అసలు పని మొదలు. మీకు దొరికే ముక్కలో వందల జన్యువులు ఉంటాయి. కాంజెనిక్ (ఆ ముక్క ఒక్కటే మారి, మిగతాదంతా రెండో స్ట్రెయిన్‌దే అయిన ఎలుక) చేయాలంటే పది తరాల బ్యాక్‌క్రాస్, తరానికి రెండున్నర మూడు నెలల చొప్పున రెండు నుంచి రెండున్నరేళ్లు. ప్రతి తరంలో జీనోమ్ అంతా మార్కర్లు వేసి మేలైన మగవాటిని ఏరితే ఐదు తరాల్లో అవుతుంది. పది తరాల తర్వాత కూడా లోకస్‌కి అటూ ఇటూ కలిపి సగటున 20 సెంటీమోర్గాన్‌ల (జన్యు దూరపు కొలత) ముక్క అంటుకునే ఉంటుందని మరవకండి. పాత నాకౌట్‌లలోనూ ఇదే జబ్బు: 129 స్ట్రెయిన్ మూలకణాల్లో చేసినవి కాబట్టి జన్యువు పక్కన 129 ముక్క వేలాడుతూ ఉంటుంది, గుణం దానిదే కావచ్చు. ఇప్పుడు క్రిస్పర్ అనే జన్యు సవరణ పద్ధతితో నేరుగా బీ6లోనే ఆ ఒక్క అక్షరం మార్చి చూడటం దగ్గరి దారి.

పీహెచ్‌డీ కాలంలో పూర్తవ్వాలంటే ఎఫ్2 కన్నా తయారుగా ఉన్న ప్యానెల్ మేలు. బీ6 మీద ఒక్కో ఏ/జే క్రోమోజోమ్‌ను పెట్టిన స్ట్రెయిన్‌లు ఉన్నాయి. 8, 9, 10, 17 నాలుగింటిని తెప్పించి, స్ట్రెయిన్‌కి ఎనిమిది ఆడవి, ఎనిమిది మగవి, పక్కన బీ6, ఏ/జే, ఎఫ్1 అంతే సంఖ్యలో పెట్టండి. 112 ఎలుకలు, రెండు బ్యాచ్‌లు, ప్రతి బ్యాచ్‌లో ప్రతి స్ట్రెయిన్ ఉండాలి. జన్యురూపం తెలియని వ్యక్తి స్లైడ్‌లు చదవాలి. దానికి ముందు, ఈ నెలలోనే, కొత్త స్టాక్ వయల్‌తో ఆరు ఆడ బీ6, ఆరు మగ బీ6, ఆరు మగ ఏ/జేకి లక్ష కణాల డోసు వేసి చూడండి. బీ6 మగవి మళ్లీ పోతే స్టాక్‌ను, కాలనీని అనుమానించండి. బతికితే పాత లైన్‌ను పారేసి, ఆ నాలుగు మరణాలను నోట్‌బుక్‌లో పాసేజ్ సంఖ్యతో సహా రాసి పెట్టుకోండి.